జ్వరాన్ని గద్దించవద్దన్న నీ కూతురు

తమ్ముడూ జీవన్,

నువ్వు పోయి నేటికి పదకొండేళ్ళు. నీ కూతురు రూతు నా నోరు మూయించిన సంగతి నీకు చెప్పాలి.

రూతు ఇప్పుడు నాచారంలో పరిశోధన చేస్తోంది. రోగి రక్తంలోని కాపలా కణాలనే బయటికి తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా మార్చి, పెంచి, మళ్ళీ ఎక్కిస్తారు. మన చర్చి సంఘంలోని ప్రమీలకు కూడా నీకొచ్చిన జబ్బే వస్తే ఆ కణాలు ఎక్కించారు. మూడో రోజు ఒళ్ళు కాలిపోతోందని కబురొచ్చింది. పరిశుద్ధ గ్రంథం చంకన పెట్టుకుని ఉప్పల్ నుంచి దవాఖానకు పరుగెత్తాను. రూతు అప్పటికే అక్కడుంది. గాజు తలుపు బయటే నిలబడి, "జ్వరమా, వదిలిపో" అని గద్దించాను. నీ మంచం దగ్గర గద్దించినంత గట్టిగానే.

రూతు నా చెయ్యి పట్టుకుంది. "పెద్దనాయినా, జర ఆగు. గీ జ్వరం కోసమే ఎదురుజూసినం. కణాలు కొట్లాడుతున్నయ్, గందుకే ఒళ్ళు కాలుతుంది. డాక్టర్లు కనిపెట్టుకోనే ఉన్నరు. నువ్వేమో మనోళ్ళనే ఎల్లగొడుతున్నవ్."

"గ్రంథంల ప్రభువు జ్వరాన్ని గద్దించినట్టే ఉన్నది గదా బిడ్డా. మరి ఏమని ప్రార్థించాలె?"

"హద్దు దాటొద్దని జెయ్యి. మెల్లగ జెయ్యి, దవాఖాన మొత్తం వింటుంది."

ముప్పై ఏళ్ళ నా బోధలో నన్ను సరిదిద్దిన మనిషి లేడు. ఆ రోజు మెల్లగా ప్రార్థించాను.

నెల తిరిగాక పరీక్షలో ప్రమీలకు క్యాన్సర్ కనబడలేదు. మొన్న ఆదివారం ఆమె నడిచి ప్రార్థనకు వచ్చింది. నేను బోధించలేదు. మైకు నీ కూతురికిచ్చి, వెనక వరసలో నువ్వు కూర్చునే చోట కూర్చుని, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాను.

నీ అన్న