చెంగల్రాయుడి ఎడమ చెవి

మే 4, ఆదివారం

ఇందుమూలముగా ఈ ఇంటి సమస్త ప్రజలకు, అనగా నా భార్య రాణికి, తెలియజేయడమేమనగా — నేటి నుండి నా డిజిటల్ కెమెరా బ్యాటరీలను టీవీ రిమోట్‌లో వేయుట నిషేధము. అతిక్రమించిన వారి బొమ్మ మీసాలతో గీయబడును.

రాసి ఫ్రిజ్ మీద అంటించాను. రాణి చదివింది. "ఎనిమిది తప్పినోడివి, ఇంత పెద్ద తెలుగు యాడ నేర్సినావయ్యా?" అంది. సీరియల్ టైమయింది. బ్యాటరీలు పోయాయి.

మే 5

ఫ్లెక్సీలు వచ్చి బోర్డులు రాసే పని పోయాక పెన్సిల్ బొమ్మలే నాకు అన్నం. ఫోటో తెస్తే చూసి గీస్తాను. మనిషే వస్తే నా కెమెరాతో తీసుకుని గీస్తాను. దగ్గర నుంచి తీయకూడదు, ముక్కు ఉబ్బుతుంది. దూరంగా నిలబడి జూమ్ చేయాలి. నచ్చని వాళ్ళని మాత్రం దగ్గర నుంచే తీస్తాను.

ఈరోజు ఒక లాడ్జి మేనేజరు. ముక్కు మైసూరు బోండా అంత వచ్చింది.

"నేనిట్లుంటానా?"

"కెమెరా అబద్ధం చెప్పదు సార్."

మే 6

వడమాలపేట నుంచి సుగుణ, ఆమె అన్న దొరస్వామి. నలభై దాటిన వాళ్ళు. వాళ్ళ నాయన చెంగల్రాయుడి ఫోటో తెచ్చారు. ఉన్నది అదొక్కటే. అమావాస్య అమావాస్యకీ ఫ్రేమును తడిగుడ్డతో తుడవడం, గంధం పూయడం, బొట్టు పెట్టడం... ఆ తడి లోపలికి దిగి ఫోటో అద్దానికి కరుచుకుంది. ఎడమ చెంప, చెవి — ఒకటే మరక. మనిషి కాస్త పక్కకు తిరిగి కూర్చున్నాడు, కనిపించాల్సిన చెవి అదొక్కటే. భక్తిగా తుడిచీ తుడిచీ నాయన్నే సగం తుడిచేశారు.

"నాయన పోయేటప్పుడు నాకు నాలుగేండ్లన్నా. నాకు బుద్ధి తెలిసినకాణ్ణించి ఆయనకి సగం మొకమే," అంది సుగుణ.

దొరస్వామి అప్పటికి ఏడేళ్ళవాడు. "మీసం గుర్తుండాది," అన్నాడు. అంతే గుర్తుంది.

ఆ మొహం బాగా తెలిసినవాళ్ళలో మిగిలింది పుత్తూరులో మేనత్త కుప్పమ్మ ఒక్కతే. గంగమ్మ జాతరకు ఇక్కడికి, తిరుపతికి వస్తుందట.

"అత్త సూసి 'మా అన్నే' అంటే గోడకి తగిలిస్తా. కాదంటే... మళ్ళా ఆ మరకే."

మే 7

కుడి సగాన్నే తిప్పి ఎడమ పక్కన గీసి చూశాను. మనిషి కాదు, బొమ్మల కొలువులో రాజు. ఎవరి మొహమూ రెండు వైపులా ఒకటి కాదు. రాణినే చూడు — కుడి వైపు నవ్వుతుంటే ఎడమ వైపు తిడుతూ ఉంటుంది.

మే 8

అన్నాచెల్లెళ్ళను పిలిపించాను. పాత ఫోటోలో వెలుగు ఎటు నుంచి పడిందో చూసి, అటే కిటికీ ఉండేలా కూర్చోబెట్టాను. దొరస్వామి పౌడరు కొట్టుకొచ్చాడు. ఊపిరి బిగబట్టి, ఆధార్ కార్డు మొహం.

"గాలి పీల్చుకో అప్పా, ఇంకా బ్యాటరీలే వెయ్యలా."

"అట్నా! ముందే చెప్పేదానికేం నొప్పి నీకు?" అని నవ్వాడు. అప్పుడు నొక్కాను.

చెంప అన్నది. కనుబొమ చెల్లెలిది. చెవి మాత్రం... దొరస్వామివి చేటలు, వాళ్ళమ్మ పోలికట. సుగుణ చెవి నిండా కమ్మలు, మాటీలు. చెవే కనపడదు.

మే 9

చెవి గీశాను. చెరిపాను. మళ్ళీ గీశాను. కాగితం బొచ్చు లేచింది.

మే 10

చెవి కుదిరింది.

మే 12

సుగుణ, దొరస్వామి చూడ్డానికి వచ్చారు. సుగుణ బొమ్మ మీదికి వంగింది. వేలు చెవి దాకా తీసుకెళ్ళింది, కాగితానికి తగలకుండా.

"తమ్మె తెగిండాది కదన్నా..."

"ఊఁ," అన్నాను.

"నాయన భుజాల మీద ఎక్కించుకుంటే చెవులు పట్టుకుంటా ఉంటి. నా వేలు ఆ సందులోకి పోతా ఉండె. ఇన్నేండ్లూ కలేమో అనుకుంటి."

ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఏదో ఒక వెటకారం చేసి తప్పించుకునేవాణ్ణి.

దొరస్వామి తల ఊపాడు. "అవునే... పోగు యాడో తగులుకున్నాదని అమ్మ చెప్పినట్టే ఉండాది."

నేను జుట్టు చెవుల మీదికి లాక్కున్నాను.

మే 13

తలకు, చెవులకు కలిపి తువ్వాల.

"ఈ ఎండకి తలగుడ్డ ఏందయ్యా? లోపల గుడ్లు పొదగేస్తా ఉండావా?" రాణి.

"చెవి పోటు."

రబ్బరు చేతిలోకి తీసుకున్నాను. తమ్మె ఒక్కటి సరిచేస్తే సరి, రెండు గీతల పని. అంతలో సుగుణ ఫోన్. "అత్త రేపొస్తాది. అన్నా, ఆ చెవి మాత్రం ముట్టుకోబాక."

రబ్బరు పెట్టేశాను.

మే 14

జాతరలో ఏటా ఆడవేషం కడతాను. మగవాడు చీర కట్టి ఊరందరినీ బూతులు తిట్టినా అమ్మవారు మెచ్చుకునే వారం — నాకోసమే పెట్టినట్టుంటుంది. ఈసారి సవరం చెవుల మీదికి దించి, పైన కొంగు కప్పాను.

కుప్పమ్మ వచ్చింది. కంటి ఆపరేషన్ అయింది, సూది మొన కూడా కనపడుతుందట.

"ఈ మీసాల పడుసు ఎవురే?"

"బొమ్మ గీసిన అన్న, అత్తా."

ఆమె బొమ్మ ముందు కూర్చుంది. "ముక్కు మా అన్నదే... చూపు మా అన్నదే..." ఆమె చూపు చెంప మీదుగా కిందికి వచ్చింది. "చెవి..."

ఆగింది. సుగుణ వైపు చూసింది. సుగుణ వేలు అప్పటికే ఆ తమ్మె దగ్గర ఉంది.

"మా అన్నే," అంది కుప్పమ్మ. "తగిలించుకో పో. ఇంక తడిగుడ్డ పెట్టినావంటే చెయ్యి ఇరగ్గొడతా."

వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగింది. నా కొంగు పట్టి ముందుకు లాగింది.

"సరిగ్గా కప్పుకో నాయనా. గాలికి చెవి కనపడతా ఉండాది."

మే 15

బొమ్మ వడమాలపేట పోయింది. తువ్వాల తీసేశాను. చెవి పోటు తగ్గిందని రాణికి చెప్పాను.

ఇక్కడైనా రాసుకోవాలి. ఆ చెవి చెంగల్రాయుడిది కాదు. కెమెరాను స్టూలు మీద పెట్టి, టైమరు నొక్కి, దూరంగా కూర్చుని తీసుకున్న నా ఎడమ చెవి. చిన్నప్పుడు మేక నా పోగు పట్టి లాగితే తెగిన తమ్మె. కెమెరా అబద్ధం చెప్పలేదు, చెవి నిజం చెవే. మనిషే వేరు. ఆయన చెవి ఎలా ఉండేదో నాకేం తెలుసు.

కుప్పమ్మకు తెలుసు. "చెవి..." అని ఎందుకు ఆగిందో, పుత్తూరు పోయి అడిగితే చెబుతుంది. బస్సులకేం కరువు లేదు.

మరి సుగుణ వేలు ఏ సందులోకి పోయేదో...