నా కూరలో ఏమీ మొలవలేదు

చిన్నమ్మడికి,

మీ అమ్మ దీవించి రాయించే ఉత్తరం. ఇక్కడ అందరం కులాసా, నా నోరు మరీ కులాసా. రాస్తున్నది పక్కింటి దర్జీ. బట్ట మిగుల్చుకున్నట్టు నా మాటలు మిగుల్చుకోవద్దని ముందే చెప్పాను.

హాస్టల్ పిల్లలు కోలుకున్నారు. వాంతులూ విరేచనాలూ నా గుడ్ల కూర వల్లేనని వార్డెన్ నోరు పారేసుకుంటే, కూరను ల్యాబులో పరీక్ష చేయించుకోమన్నాను. నువ్వు రోజూ చేసే పనే కదా, నాకేం బెదురు?

ల్యాబులోకి నన్నూ రానిచ్చారు. ఆ గది ఇంకా కళ్లలోనే ఉంది. కూరను క్రిములకు బలమిచ్చే నీళ్లలో కలిపి వెచ్చటి పెట్టెలో నిద్రపుచ్చారు. మర్నాడు ఆ నీళ్లను సన్నటి తీగతో తీసి, ఎర్రటి జెల్లీ పోసిన గాజు పళ్లెం మీద గీతలు గీశారు. క్రిమి ఉంటే గీత వెంట నల్లచుక్కలు మొలుస్తాయట. ఎవరి కూరదో అలా మొలిచిన పళ్లెం చూపించారు. సందెవేళ ఆకాశంలో నల్ల నక్షత్రాలు పొడిచినట్టుంది. పిల్లల పేగులు మెలిపెట్టేది ఇంత అందంగా ఉంటుందా అనుకున్నాను. నా పళ్లెంలో మాత్రం ఒక్క చుక్కా లేదు.

కూర కాకపోతే పాలేనన్నాడు వార్డెన్. పరీక్షకు పాలు మిగల్లేదు. హాస్టల్‌కి పాలు పోసే మీ మేనత్త వాడుక మాన్పించేశారు. ఆవుల్ని అమ్మేస్తానంటోంది. నాకూ ఆమెకూ పడదని వీధంతా తెలుసు. దాచడమెందుకు, మొదట సంతోషించాను.

కూర ఉన్నదున్నట్టే ఇచ్చావా అని పోయిన ఉత్తరంలో అడిగావు. ఇవ్వలేదమ్మా. ల్యాబుకి తీసుకెళ్లే మనిషి గుమ్మంలో నిలబడితే చల్లారిన కూర చేతిలో పెట్టడం నామర్దా అనిపించింది. మళ్లీ తెర్లేదాకా కాచి ఇచ్చాను. చచ్చిన క్రిమి మొలవదని నీ ఉత్తరం చదివించుకున్నాకే తెలిసింది.

అప్పట్నుంచీ కలలో ఆ ఎర్రటి పళ్లెం చెరువంత అవుతోంది. దాని ఒడ్డున మీ మేనత్త పాలు పిండుతుంటుంది. రాలే ప్రతి బొట్టూ తెల్లగానే ఉంటుంది.

దర్జీ కలం ఆపాడు. "హాస్టల్ వంటిల్లు చేజారిపోతుంది పిన్నీ" అంటున్నాడు. పోతే పోనీ, రాయమన్నాను.

పిల్లలు తిన్న రోజు నా వాటా కూర తినకుండా దర్జీ వాళ్ల ఫ్రిజ్‌లో మంచు కట్టే అరలో పెట్టించాను. మళ్లీ కాచనిది, గడ్డకట్టి అలాగే ఉంది. ఇందాక మీ మేనత్త తలుపు తట్టి అంతా చెప్పేశాను, రేపు ల్యాబుకి నాతో రమ్మన్నాను. తిట్లకు సిద్ధపడే వెళ్లాను.

"వస్తాను. దారిలో ఎక్కడా వేడి చెయ్యకు వదినా" అంది.

ఇట్లు,
రేపు చల్లటి గిన్నె ఒళ్లో పెట్టుకుని బయల్దేరబోతున్న
మీ అమ్మ