కాలవ వైపు ఒరిగిన వ్యాగన్లు

గౌరవనీయులైన పార్కు అధికారి గారికి,

పోయిన నెల పన్నెండుమంది సంతకాలతో తమకు పంపిన ఫిర్యాదును దయచేసి చింపేయవలసిందిగా కోరుతున్నాను. అది రాసింది నేనే. ఇప్పుడు తమ పార్కయిన ఈ ఐర్లండు ఆఫలీ చిత్తడినేలలో తవ్విన, బొగ్గులా మండే పీట్ మట్టిని కరెంటు కేంద్రానికి మోసే చిన్న రైలును ముప్పై ఏళ్ళు నడిపాను. మా తుప్పు పట్టిన వ్యాగన్లను దిబ్బమీద నిలబెట్టి శిల్పమంటుంటే, మమ్మల్ని వెక్కిరిస్తున్నారనుకున్నాను.

మంగళవారం ఆ శిల్పి ఫిడెల్మాను నాలుగు మాటలు అని వద్దామనే వెళ్ళాను. నేను నోరు తెరవకముందే ఆమె, "పెద్దాయనా, నేల మెత్తబడితే బండి ఎటు ఒరిగేది?" అని అడిగింది.

"పట్టాల పక్క కాలవ వైపే. ఆ మాత్రం తెలీకుండానే మొదలెట్టావా అమ్మాయ్?" అన్నాను.

ఆమె చిన్నబుచ్చుకోలేదు. మూడు రోజులు చేసిన వెల్డింగంతా కోయించి, వ్యాగన్లన్నిటినీ కాలవ వైపు వంచింది.

శనివారం నాతో పనిచేసిన కాన్లెత్‌ను తీసుకెళ్ళాను. ఫిర్యాదులో మొదటి సంతకం వాడిదే. తవ్వకాలు ఆపేశాక వాడు ఆ నేలమీద అడుగుపెట్టడం అదే మొదటిసారి. టోపీ తీసి చాలాసేపు చూసి, "ఒరేయ్, ఇంకాస్త వంగితే మనం దిగి తొయ్యాల్సిందేరా!" అన్నాడు. మిగతావాళ్ళూ చూసొచ్చి సంతకాలు వెనక్కి తీసుకున్నారు.

మేం చేసిన పని ఇంత అందంగా ఉండేదని మాకు అప్పట్లో తెలియలేదు. దయచేసి ఆ వ్యాగన్లకు రంగు వేయించకండి.

ఇంకొక మనవి. పక్కన పెట్టే పలకమీద నా పేరు కూడా చెక్కించనా అని ఆమె అడిగింది. మొహమాటం కొద్దీ వద్దన్నాను. తమరు ఆమె చేత ఇంకొక్కసారి అడిగించగలరా?

విధేయుడు,
పాత రైలు డ్రైవరు