సిలిండర్ ఎందుకు తెరవలేదంటే

టీతోట మేనేజర్ బడా సాబ్‌కి,

నా చెల్లెలు సుకుర్‌మణి కోసం మీరు పంపిన ఆక్సిజన్ సిలిండర్‌ను ఆసుపత్రిలో వాడలేదని డాక్టరమ్మ మీద కేకలేశారట. కేకలు మన గోదాములో వేయండి.

కూలీలు తెచ్చుకున్న టీ సీసాల్లోనే గోదాములో గడ్డిమందు పోసివ్వడం మన తోట పద్ధతి. మా ఉప్పు టీ, ఆ మందు ఒకే రంగు. సుకుర్‌మణి ఆకు కోస్తూ దాహమేసి, పక్కనున్న మందు సీసా తీసి, టీ అనుకుని ఒక గుక్క మింగింది. "ఛీ దాదా, ఇంత చేదుగా కాచావేంటి? నీకు పిల్లనెవరిస్తారు!" అని ఈ అన్నని చూసి నవ్వింది కూడా.

నేను చదివి తెలుసుకున్నాను. మన కణాల్లోని ఎంజైములు ఆ మందుకు ఎలక్ట్రాన్లు అందిస్తాయి. మందు వాటిని మనం పీల్చిన ఆక్సిజన్‌కు అంటగడుతుంది. అప్పుడా ఆక్సిజనే ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. మందు మాత్రం తరగదు, మళ్లీ ఎంజైముల దగ్గరికే వస్తుంది. ఎంత ఆక్సిజన్ ఎక్కువిస్తే అంత కాలుతుంది. అందుకే "కొంచెం తెరువు దాదా" అని అది ఏడుస్తున్నా, సిలిండర్‌కు అడ్డంగా నేనే కూర్చున్నాను.

ఇకమీదట టీ సీసాల్లో మందు పోయించకండి. పోయిస్తే గోదాం తాళం పగలగొడతాను. కావాలంటే నన్ను పనిలోంచి తీసేయండి.

ఈ ఉదయం డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి, "ఇక తెరిచెయ్ బాబూ. ఆపి లాభం లేదు, కాస్త హాయిగానైనా ఉంటుంది" అంది.

సుకుర్‌మణి ముక్కుకు గొట్టం పెట్టుకుని, "చూశావా దాదా, నయమవుతోందనే ఇచ్చారు" అంటోంది.

నేను అవునన్నాను.

మీ తోట కూలీ