ఆమెన్ అనేశాను

ఏవండీ,

అన్నం హాట్‌బాక్సులో ఉంది. చేపల పులుసు వేడి చేసుకోండి, మరీ మరగనిస్తే ముక్క చెదిరిపోతుంది. మీ ఓడరేవు డాక్ యూనిఫాం తీగ మీదే ఉంది, వాన వచ్చేలోగా తీసేయండి.

నేను ఆడపిల్లల హాస్టల్‌కి వెళ్తున్నాను. ఈ ఒక్క రోజుకే కాదు. వార్డెన్ డోర్కాసమ్మ గారు మోకాళ్ల నొప్పులతో సోంపేటలో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు. మన చర్చి కాంపౌండ్‌లో పనుల మార్పులు ప్రార్థనలోనే చెబుతారని నాకేం తెలుసు? పొద్దున పాస్టరయ్యగారు కళ్లు మూసుకుని, "ప్రభువా, ఆమె స్థానంలో నీ బిడ్డ గ్రేసీని నిలబెడుతున్నావు" అన్నారు. నేను కిటికీలోంచి నదిలో పోయే ఓడను చూసి మురిసిపోతూ, అందరితో పాటు గట్టిగా ఆమెన్ అనేశాను.

తర్వాత వెళ్లి బతిమాలాను. పెళ్లయి ఇరవై రోజులే అయిందన్నాను.

"ఏటమ్మా, దేవుడి ముందర ఆమెనన్నావు. ఇప్పుడు కాదంతావేటి?" అని నవ్వారు.

వార్డెన్ గది పిల్లల గదుల మధ్యే ఉంది. మగవాళ్లు ఆ గుమ్మం దాటకూడదు. కొత్తామె దొరికేదాకా నేనక్కడే పడుకోవాలి. ఎప్పుడు దొరుకుతుందో ఆయనకీ తెలియదట.

నాకేమీ తోచడం లేదు. గది చూడ్డానికి వెళ్తే పిల్లలేమో అప్పుడే ఈ ఊరి అలవాటుగా, అక్కా అనకుండా దీదీ దీదీ అంటూ జడల కోసం వరుసలో నిలబడ్డారు. అది కూడా నాకు నచ్చింది, చూశారా!

మన పెళ్లి చేసింది ఆయనే. మీరు వెళ్లి గొడవ పెట్టుకోకండి.

మీ గ్రేసీ

మళ్లీ చదువుకున్నాను. పెట్టుకోండి. కొంచెమే.