బ్యాటరీ గన్ను ఎవరింటికి?

తెరుబలి,
మంగళవారం

ధనశ్రీ అక్కకి, నీ చెల్లెలు వంద దణ్ణాలు పెట్టి రాస్తున్నది.

నా ఫోను ఈయన చూస్తారు, నీ ఫోను బావ చూస్తారు. అందుకే ఎప్పటిలా జయపురం బస్సు డ్రైవరు లక్ష్మణుడి చేత ఈ ఉత్తరం మీ వీధిలో అప్పమ్మ కుట్టుమిషను కొట్టుకి పంపుతున్నాను. చదివాక చించెయ్యి.

మా ఆయనకి, అదే నీ మరిది గోవిందరావుకి, ఇంకో ఇల్లుందని నా అనుమానం. అనుమానమని మర్యాదకి అంటున్నాను గాని నాకు నమ్మకమే. ప్లాంటులో ఫిట్టరన్న మాటే గాని, ఇంట్లో కేలండరుకి చీల కొట్టమంటే నెల పడుతుంది. అలాంటి మనిషి మొన్న ఆదివారం రాయగడలో బాపి హార్డ్‌వేరు కొట్లో గంటన్నర నిలబడి మేకులు కొట్టే గన్ను చూశారు. తలుపులకీ కిటికీలకీ చుట్టూ సన్న చెక్క పట్టీలు వేస్తారే, బీడింగు, అది కొట్టడానికట. నన్ను పప్పులు కొనమని పక్క కొట్టుకి పంపేశారు. నేను కొనేసి వచ్చి రంగు డబ్బాల వెనకాల నిలబడ్డాను. సిగ్గేమీ పడలేదు.

"ఇది గాలితో కొట్టేది సార్. కంప్రెసరుండాల, కరెంటుండాల" అన్నాడు బాపి.

"కరెంటింకా రాలేదు. బేటరీది సూపించు" అన్నారు ఈయన.

అతను రెండు తీసి పెట్టాడు. ఈయన పెద్దదాన్ని ఒంటి చేత్తో ఎత్తి చూసి దించేశారు. "బరువుగుంది. ఆడమనిసి ఒక సేత్తో పట్టుకోవాల. తేలికది లేదేటి?"

"అయితే ఇది తీసుకోండి. సన్న మేకులే పడతాయి, పద్దెనిమిది గేజివి. పట్టీ సీలదు, మేకు తల పైకి కనబడదు."

"సెయ్యి తగిల్తే పేల్తాదేటి?"

"ముక్కు సెక్కకి ఆనించి నొక్కితేనే పేల్తాది సార్."

"అదే కావాల. ఆవిడికి అసలే బయం."

ఆవిడట. మా క్వార్టర్లో ప్రతి గదికీ కరెంటుంది. పైగా కంపెనీ తలుపుకి మేకు కొడితే క్వార్టర్లు చూసే ఎస్టేటు వాళ్లు ఊరుకోరు. కాబట్టి అది మా ఇంటికి కాదు. కరెంటు రాని కొత్త ఇల్లు, అందులో ఓ ఆవిడ. ఆ పూట కొనలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో "ఎవరికండీ?" అని అడిగితే, "ప్లాంటులో ఒకాయనకే. నీకెందుకు?" అని కిటికీ వైపు తిరిగారు. ఇంటికొచ్చి చొక్కా జేబు వెతికితే కల్యాణసింగ్‌పూర్ బస్సు టిక్కెట్లు దొరికాయి. ఆ రోజులన్నీ నాతో ఓవర్‌టైమని చెప్పినవే.

నిన్న బావకి ఫోన్ చేశాను. ఈ రెండు జిల్లాల వడ్రంగులూ ఆయన చెక్కల డిపోలోనే కదా సరుకు కొంటారు. కల్యాణసింగ్‌పూర్‌లో కొత్తగా బీడింగు వేస్తున్న ఇల్లేదో కనుక్కోమన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆదివారం లోపల చెప్తానన్నారు. ఆదివారం నేనే వెళ్లి ఆవిడ సంగతి తేల్చుకుంటాను. ఇలా రాస్తున్నాను గాని ఏడుపొస్తోంది అక్కా. నాకు నువ్వు తప్ప చెప్పుకోడానికి ఎవరున్నారు?

నీ సత్యవేణి

జయపురం,
గురువారం

అమ్మీ సత్యా,

ఆ ఇల్లు నాది. ఆ ఆవిడ నేనే.

బావకి ఫోన్ చేశావని చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. కల్యాణసింగ్‌పూర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంటపని కుదిరింది. రెండు గదుల ఇల్లు అద్దెకి దొరికింది, సగంలో ఆపేసిన ఇల్లు. తలుపుల చుట్టూ వేలు దూరేంత సందులున్నాయి, తేళ్లు వస్తాయి. వడ్రంగిని పిలిస్తే వాడు సరుక్కి మీ బావ డిపోకే వస్తాడు, ఇల్లెవరిదో చెప్తాడు. అందుకే మరిదిని అడిగాను. ఒక్క తలుపు కొట్టి చూపిస్తే మిగతావి నేనే కొట్టుకుంటానన్నాను. సుత్తితో నావల్ల కాదు. ఎడమ చేత్తో మేకు పట్టుకోలేను. మణికట్టు మెట్ల మీద పడి విరిగిందని నీకు చెప్పాను. నేను పడలేదు.

ఇదంతా నీకెందుకు చెప్పలేదంటావా? పోయినేడు నీ దగ్గరికి వచ్చి మూడు రోజులున్నాను. నువ్వు నా మంచికే అనుకుని మీ బావకి ఫోన్ చేశావు. ఆయన కారేసుకుని వచ్చి నవ్వుతూ తీసుకెళ్లారు. చెయ్యి విరిగింది ఆ వారమే. అందుకే నీకు చెప్పొద్దని మరిది చేత ఒట్టు వేయించుకున్నాను. ఆయన్నేమీ అనకు.

నేను ఈ ఇల్లు వదిలి వెళ్లేది వచ్చే బుధవారం. ఈలోగా ఆ ఊరు పేరు మీ బావ మనసులోంచి పోవాలి. ఎలాగో నాకు తోచడం లేదు.

అక్క

తెరుబలి,
శనివారం

అక్కా,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. అక్కడే నేల మీద కూర్చుని ఇంకోసారి చదివాను. ఈయన డ్యూటీ నుంచి వచ్చి, నా చేతిలో కాయితం చూసి పక్కన కూలబడ్డారు. "ఒట్టేసేను, ఏటి సెయ్యమంటావు" అన్నారు. ఆయన్నేమీ అనలేదు. అనడానికి నాకు మొహమెక్కడిది? మొగుడి జేబులు వెతికాను, తోబుట్టువు చెయ్యి చూడలేదు.

బావ ఇవాళ పొద్దున్న తనే ఫోన్ చేశాడు. తన వడ్రంగులెవరూ ఆ ఊళ్లో పని చెయ్యడం లేదట, సోమవారం మనిషిని పంపి ఇల్లిల్లూ వెతికిస్తానన్నాడు. ఇంతకీ ఎవరిల్లమ్మీ అని అడిగాడు. నేను ఏడవడం మొదలుపెట్టాను. అది నటన కాదు. మా ఆయనకి అక్కడ ఇంకో ఆవిడ ఉందని చెప్పాను. నిన్న వెళ్లి నా కళ్లతో చూశానన్నాను. మనిషిని పంపితే మా పరువు పోతుంది, వద్దని బతిమాలాను.

అతను నన్ను ఓదార్చాడు అక్కా. "మగోళ్లన్నాక ఇలాటివుంటాయి. నువ్వే సర్దుకుపోవాల. ఎవరికీ సెప్పను, ఆ ఊరి ఊసే ఎత్తను" అన్నాడు.

మధ్యాహ్నానికల్లా విజయనగరం నుంచి అమ్మ ఫోన్ చేసింది. ఆ తర్వాత మా ఆడపడుచు. ఇప్పుడు మా వాళ్లందరి లెక్కలో నీ మరిదికి ఇంకో ఇల్లుంది. ప్లాంటులో కూడా ఎవరో అడిగారట. ఈయన తల వంచుకుని అన్నం తిని, "పోనీలే, ఆ ఇంటికి నేనెల్తే ఇంకెవలూ ఎందుకని అడగరు" అన్నారు.

గన్ను కొన్నాం, తేలికదే. బుధవారం నీకంటే ముందే మేమిద్దరం అక్కడ ఉంటాం. బావ నా మాట వెంటనే నమ్మేశాడు. నువ్వు నన్ను నమ్మకపోయినా రా అక్కా.

సత్యవేణి