తపాలా వ్యాను డ్రైవరు చావలేదు

శ్రీవారికి,

ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. అత్తయ్యకు మోకాలు తప్ప అంతా కులాసా, పాపకు లెక్కలు తప్ప అన్నీ వచ్చు, నాకు కోపం తప్ప వేరే జబ్బు లేదు. ఓడలో మీరూ, మీరు సముద్రం అడుగున పరుస్తున్న కేబులూ క్షేమమని నమ్ముతున్నాను.

మీ ఉత్తరం మంగళవారం అందింది. పేజీన్నర ఉంది. ఈ రెండేళ్ళలో మీరు నాకు రాసిన వాటిలో ఇదే పొడుగైనది. మీ అక్కయ్య పుణ్యమా అని అంతైనా దక్కింది. వదినగారు పోయిన నెల మన ఇంటికి వచ్చినప్పుడు నేను కంప్యూటర్ మూయకుండా గుమ్మంలోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆవిడ నా కథ చదివేసి, పక్కింటివాళ్ళ ముందే గట్టిగా నవ్వి, అది చాలక మీకూ రాశారు. "ఇల్లు గాలికొదిలేసి టీవీ బొమ్మలతో కాపురం చేస్తోంది" అన్నారట. ఇల్లు ఎక్కడికీ పోలేదు. ఈ ఉత్తరం ఆ ఇంట్లోనే, వంటగది బల్ల మీదే రాస్తున్నాను.

మీరు అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను.

"ఎవరో పుట్టించిన మనుషుల గురించి తొమ్మిదేళ్ళు రాయడమేమిటి? నీకంటూ సొంతంగా ఏమీ తోచదా?" అన్నారు. ఇది ఎలా మొదలైందో మీకు తెలియదు, అప్పుడు మీరు లేరు కాబట్టి. పాప కడుపులో ఉంది. డాక్టరమ్మ మంచం దిగొద్దంది. అత్తయ్యా నేనూ ఆ సీరియల్ చూసేవాళ్ళం. కొండ మీది వాతావరణ కేంద్రంలో ఒక అమ్మాయి గాలినీ వాననూ కొలుస్తుంటుంది. వారానికోసారి తపాలా వ్యాను డ్రైవరు పైకొస్తాడు. ముప్పై ఒకటో భాగంలో కొండచరియ విరిగి వ్యాను లోయలో పడిపోయింది. ఆ నటుడికి ఇంకో సీరియల్‌లో పెద్ద వేషం దొరికిందట, అందుకని డ్రైవరును చంపేశారు. నేను ఏడుస్తుంటే అత్తయ్య టీవీ కట్టేసి అంది కదా, "శవం చూపించారా? చూపించలేదు. మరి చచ్చాడని వీళ్ళెవరు చెప్పడానికి?"

మర్నాడు పొద్దున్నే అత్తయ్యను ఒక నోటు పుస్తకం అడిగి తీసుకున్నాను. వ్యాను పడేముందే డ్రైవరు తలుపు తీసి దూకేశాడని, తపాలావాళ్ళు అతనికి ఇంకో వ్యాను ఇచ్చారని రాశాను. అదే మొదటి అధ్యాయం. అలాంటి కథల్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారని, వాటికి ఇంటర్నెట్‌లో ఒక చోటుందని తర్వాత తెలిసింది. ఇప్పటికి రెండువందల నలభై ఒక్క అధ్యాయాలయ్యాయి. ఆ సీరియల్ ఎప్పుడో ఆగిపోయింది. దాన్ని పుట్టించినవాళ్ళు ఆ మనుషుల్ని కొండ మీద వదిలేసి ఎవరి దారిన వాళ్ళు పోయారు. కన్నవాళ్ళు వదిలేసిన పిల్లల్ని తెచ్చి పెంచుకుంటే తప్పనరు కదా, ఇదీ అంతే అనుకోండి.

"నిండా తప్పులేనని అక్క చెప్పింది, డ్రైవరుకు గాటు ఒకచోట ఎడమ కనుబొమ్మ మీద, ఒకచోట కుడి కనుబొమ్మ మీద ఉందట" అన్నారు. నిజమే. పన్నెండో అధ్యాయంలో ఎడమ, నలభయ్యోదాంట్లో కుడి. నేను పని చేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. రోజంతా ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చూస్తాను. నా ఎడమచేతి వైపుండేది వాళ్ళ కుడి కన్ను. పవరు రాసే చీటీ మీద ఎప్పుడూ తప్పు రాయలేదు గానీ, కథలో ఆ డ్రైవరును ఒకసారి ఎదురుగా కూర్చోబెట్టుకుని చూశాను, ఒకసారి నేనే వాడినై రాశాను. గాటు అటుది ఇటు వచ్చేసింది. చదివేవాళ్ళు పట్టేసుకుని వారం రోజులు వాదించుకున్నారు. చివరికి ఒకాయన, "ఆ అమ్మాయి అతన్ని వ్యాను అద్దంలో చూసింది, అందుకే గాటు అటు కనబడింది, రచయిత్రి ఎంత లోతుగా ఆలోచించిందో!" అని తేల్చాడు. ఆ తర్వాత వ్యాను అద్దం గురించి మూడు అధ్యాయాలు రాసి ఆయన మాట నిలబెట్టాను.

అన్నీ ఒప్పుకునే రకాన్ని కాదు కూడా. ఆ అమ్మాయికి మైనస్ నాలుగు పవరు. ఒకచోట కళ్ళజోడు తీసేసి సూదిలో దారం ఎక్కిస్తుంది. "అదెలా కుదురుతుంది?" అని ముప్పైమంది మీద పడ్డారు. మైనస్ నాలుగున్న మనిషికి దూరం మసకగానీ జానెడు దూరంలో సూది బెజ్జం నిక్షేపంలా కనబడుతుంది. అది నా వృత్తి. వాళ్ళు ముప్పై కాదు, మూడువందలమంది వచ్చినా ఆ వాక్యం మార్చనన్నాను, మార్చలేదు.

కుక్క సంగతి మాత్రం నా తప్పే. మూడో అధ్యాయంలో డ్రైవరుకు ఒక కుక్క దొరికింది. తర్వాత అరవై అధ్యాయాలు దాన్ని పూర్తిగా మరిచిపోయాను. ప్రతివారం ఎవరో ఒకరు "కుక్క ఏదీ?" అని అడిగేవారు. అత్తయ్యే కాపాడింది. "వెనక సీట్లో ఉత్తరాల సంచుల మీద పడుకుని ఉంది. ముసలిది, లేవదు. లేవని కుక్క గురించి ఏం రాస్తారు?" అంది. అదే రాసేశాను. ఇప్పుడు కథలో అందరికన్నా ఆ కుక్కకే అభిమానులెక్కువ.

ఆశ్చర్యపోకండి. మీ అమ్మకు మొదటిరోజు నుంచీ తెలుసు. దుకాణంలో మధ్యాహ్నం విరామంలో, అద్దాలు అరగదీసే మిషన్ పక్కన కూర్చుని రాసుకొస్తాను. సాయంత్రం బట్టలు మడతపెడుతూ ఆవిడకు చదివి వినిపిస్తాను. ఎవరి వయసెంత, ఎవరికెవరికి మాటల్లేవు, ఎవరు కడుపునిండా తిని ఎన్నాళ్ళయింది, అన్నీ ఒక పాత డైరీలో రాసి పెడుతుంది. ఎవరినైనా చంపాలంటే ఆవిడ ఒప్పుకోవాలి. ఇంతవరకు ఒక్కరికే ఒప్పుకుంది, అదీ ఆ మనిషి పేచీకోరు కాబట్టి. మీ అక్కయ్య నవ్విన రోజు జవాబు చెప్పింది నేను కాదు. అత్తయ్యే చెప్పింది, "నీకు అర్థం కాకపోతే మొదటినుంచి చదువు, మధ్యలో దూరి నవ్వకు" అని. ఆ ముక్క మీకు రాసి ఉండరు.

"ఎవరు చదువుతారు, దానివల్ల ఏం ఒరిగింది?" అన్నారు. ఒక నర్సు చదువుతుంది, డ్యూటీ మారేటప్పుడు. క్రేను నడిపే ఆయనొకడు అంత ఎత్తున కూర్చుని భోజనం చేస్తూ చదువుతాడు. నాకు ఒరిగింది చెప్పమంటారా? మీరు ఏడాదికి పది నెలలు నీళ్ళ మీద ఉంటారు. తొమ్మిదేళ్ళు ఎదురుచూడటం తప్ప వేరే పని లేని మనిషినైతే ఈపాటికి మీ మొహాన పుస్తెలు కొట్టేదాన్ని. ఎదురుచూడటాన్నే పని చేసుకున్నాను కాబట్టి నిలబడ్డాను.

ఇక మీరు అడగనిది ఒకటుంది. దానికోసమే ఇంతసేపు గాటులనీ కుక్కలనీ తిప్పాను.

కథలో డ్రైవరు ఆ అమ్మాయికి వారమంతా ఉత్తరాలు రాసి, తను తెచ్చే సంచిలోనే పెడతాడు. అందరికీ అవే ప్రాణం. అవి నేను రాసినవి కావు, మీవి. మొదట్లో మీరు ఓడనుంచి రాసిన నలభై మూడు ఉత్తరాలు, సముద్రం కొట్టేసి కొండదారి పెట్టి, పేర్లు తీసేసి, కథలో వాడుకున్నాను. "ఈరోజు ఇక్కడ విశేషమేమీ లేదు, కాబట్టి నిన్ను తలుచుకోవడానికి బోలెడు తీరిక దొరికింది" అని మీరు రాసిన వాక్యం ఆ నర్సు కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించుకుందట. మిమ్మల్ని అడగలేదు. అది తప్పు, ఆ ఒక్కదానికి క్షమించమని అడుగుతున్నాను. మూడో ఉత్తరానికే అత్తయ్య మడతపెడుతున్న దుప్పటి ఆపి, "ఇది మావాడి మాట" అంది. చదవడం ఆపమని మాత్రం అనలేదు.

తర్వాత మీ ఉత్తరాలు చిక్కిపోయాయి. "క్షేమం. పని ఎక్కువగా ఉంది. పాపకు దగ్గు తగ్గిందా? మోటారు బాగు చేయించావా?" ఇంతే. మోటారు బాగు చేయించాను. కానీ డ్రైవరు చేత ఆ అమ్మాయికి మోటారు గురించి రాయించలేను కదా. కథ ఆపలేను, ఉత్తరం లేకుండా వ్యాను పైకి రాదు. అందుకని నూట డెబ్బై ఒకటో అధ్యాయం నుంచి మీ ఉత్తరాలు నేనే రాయడం మొదలుపెట్టాను. మీ చేతివ్రాత తప్ప అన్నీ వచ్చనుకున్నాను. ఎంత బాగా రాశానో! ప్రేమ కారిపోయింది.

మూడు రోజుల్లో ఆ క్రేను ఆయన రాశాడు. "డ్రైవరు ఉత్తరాలు మారిపోయాయి. ఇంతకుముందు తను చూసినవి చెప్పేవాడు. ఇప్పుడు ఆ అమ్మాయి వినాలనుకుంటున్నవి చెబుతున్నాడు. అతనికి ఏమైంది?"

దుకాణంలో అది చదివి, ఎదురుగా ఉన్న పెద్దాయనకు చిన్నపిల్లల ఫ్రేము తొడిగాను. ఆయన అద్దంలో చూసుకుని పడిపడి నవ్వాడు. నేనూ నవ్వాను, తర్వాత లోపలికెళ్ళి ఏడ్చాను. ఆ సాయంత్రం అత్తయ్యకు చదివితే విని డైరీ మూసేసింది. అప్పటినుంచి డెబ్బై అధ్యాయాలు అలాగే లాక్కొస్తున్నాను. నాకు నేనే ఉత్తరాలు రాసుకుని, నాకు నేనే జవాబిచ్చుకుంటున్నాను. మీకు ఏమైందో ఆ క్రేను ఆయనకు నేను జవాబు చెప్పలేదు. నాకూ తెలియదు.

"ఇది చేరగానే అదంతా తీసేయ్" అని రాశారు. తీయను. ఒక్క అక్షరం తీయను. మీ వాక్యాలు వద్దంటే చెప్పండి, అవి మీవి, అవి తీసేస్తాను. మిగతాది నాది. మీ అక్కయ్య ఊరంతా చాటింపు వేసినా, మీరు ఓడ దిగి వచ్చి గుమ్మంలో నిలబడి చెప్పినా అది నాదే.

రెండువందల నలభై రెండో అధ్యాయం పూర్తయింది, ఉత్తరం ఉండాల్సిన చోట తప్ప. ఈసారి నేను రాయను. ఈ కవరులో ఒక తెల్లకాగితం పెట్టాను. మీకు సామాన్లు తెచ్చే పడవ వచ్చేనెల రెండోవారంలో తిరిగొస్తుందని మీ ఆఫీసువాళ్ళు చెప్పారు. కథకు అంతవరకు సెలవని చదివేవాళ్ళకు చెప్పాను. ఆ కాగితం మీద ప్రేమ కారనక్కర్లేదు. మీ కిటికీలోంచి ఏం కనబడుతోందో రాయండి. ఎందుకు మానేశారో రాయండి. కోపమే ఉంటే కోపం రాయండి, మొన్న పేజీన్నర రాశారుగా, అందులో మీరు కనబడ్డారు. ఏం తింటున్నాడో కూడా రాయమంది అత్తయ్య, ఆవిడ డైరీలో ఆ గడి రెండేళ్ళుగా ఖాళీగా ఉందట.

కాగితం తెల్లగానే తిరిగొస్తే, అదీ కథలోకే వెళుతుంది. వ్యాను పైకొస్తుంది. సంచిలో ఆ అమ్మాయికి ఉత్తరం ఉండదు. ఆమె సంచి చివరిదాకా వెతికి, లేచి కిటికీ తెరిచి, ఆ రోజు గాలి ఎటునుంచి వీస్తోందో రోజూలాగే పుస్తకంలో రాసుకుంటుంది. డ్రైవరును మాత్రం నేను చంపను. ఆ పని టీవీవాళ్ళు ఒకసారి చేసి చూశారు, నేను ఒప్పుకోలేదు.

ఇట్లు,
ఆపమంటే ఆపని
మీ ఇల్లాలు